జబ్బు పేరు ముందు, వైద్యుడు తరువాత

కర్నూలులో నేను పాఠాలు చెప్పే డిగ్రీ విద్యార్థులలో కొందరు తమకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లోపించే రుగ్మత) ఉందనో, బైపోలార్ (మితిమీరిన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉందనో నిస్సంకోచంగా చెబుతున్నారు. ఏ వైద్యుడు చెప్పాడని అడిగితే, ఇన్‌స్టాగ్రామ్ వీడియోలనూ, అవే లక్షణాలున్నవారు చేరిన టెలిగ్రామ్ గ్రూపులనూ చూపిస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. నిద్ర పట్టక, చదువు తలకెక్కక నలిగిపోతూ ఇంట్లో చెప్పుకుంటే, "గాలి సోకిందేమో, తాయెత్తు కట్టిద్దాం" అనిపించుకున్న పిల్లవాడికి, ముక్కూమొహం తెలియని మనిషి "నాకూ అలాగే ఉంటుంది" అనడం ఎంతో ఊరట. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం చాలా మానసిక రుగ్మతల విషయంలో నూటికి 70 మందికి పైగా వైద్యమే అందడం లేదు.

అయినా ఆ ఊరటను రోగనిర్ధారణగా భావించడం ప్రమాదకరం. టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీపై ఎక్కువమంది చూసిన 100 వీడియోలను కెనడా పరిశోధకులు పరిశీలించగా 52 తప్పుదోవ పట్టించేవని తేలిందని 2022లో ప్రచురితమైన అధ్యయనం చెబుతోంది. వస్తువులు మరచిపోవడం, పనులు వాయిదా వేయడం అందరికీ ఉండేవే. వైద్యులు అనుసరించే డీఎస్ఎం-5 అనే రోగనిర్ధారణ గ్రంథం ప్రకారం, ఏడీహెచ్‌డీ అనాలంటే ఆ లక్షణాలలో కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా ఇబ్బంది పెట్టాలి, వాటికి మరో జబ్బు కారణం కాకూడదు. ఇంటర్ దాకా శ్రద్ధగా చదివి, హాస్టల్‌లో చేరాక తెల్లవారుజాము వరకు ఫోన్ చూస్తూ పగలు కునుకుతున్నవాడి చిక్కు వేరే అయి ఉండవచ్చు. థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా మనిషి నీరసించి నిరాసక్తంగా మారవచ్చు; అది రక్తపరీక్షలో తేలిపోతుంది.

బైపోలార్ విషయంలో పొరపాటు మరీ ప్రమాదం. ఉత్సాహం హద్దు మీరిన రోజులను రోగి చాలాసార్లు జబ్బుగా గుర్తించడు, కుంగిన రోజులే చెబుతాడు. అందుకే వైద్యుడు తల్లినో అన్ననో కూడా పిలిచి అడుగుతాడు. తనది డిప్రెషన్ అని తానే తేల్చుకొని, మందుల షాపులో ఆ మాత్రలు తెచ్చుకొని మింగితే, కొందరిలో ఆ ఉత్సాహం హద్దు మీరే ఉన్మాద దశ తలెత్తే అవకాశం ఉంది.

"గూగుల్ చూసి వచ్చావా" అని కసిరే వైద్యులంటే నాకు కోపం. ఆ పిల్లవాడు ఎంత ధైర్యం కూడగట్టుకొని వచ్చాడో వారు ఆలోచించాలి. నా విద్యార్థులకు నేను చెప్పేది ఇదే: వీడియోలో విన్న పేరు కూడా చెప్పండి, కానీ బాధ ఎప్పుడు మొదలైందో, ఎన్ని గంటలు నిద్రపోతున్నారో, ఏయే పనులు ఆగిపోయాయో ముందుగా రాసుకొని వెళ్లండి. మన సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లడానికి జంకితే, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.