ఆయమ్మ ఏం చేసిందంట?

ఆదివారం, రాత్రి

సాయంత్రం ఎండ తగ్గినాక మిద్దె మీద చాప పరిచి, బొరుగులూ టీ మధ్యలో పెట్టుకుని తిరుపతిలో మేం నలుగురం కూర్చున్నాం: నేను, బైరాగిపట్టెడ అక్క, కొర్లగుంట అక్క, ఎంఏ చదివే పిల్ల. సీరియళ్ళలో, పుస్తకాల్లో, గేముల్లో ఆడపాత్రలు ఏం చేస్తాయో చూసి మాట్లాడుకోవాలని. ఈసారి షరతు ఒక్కటే. "స్ట్రాంగ్ లేడీ క్యారెక్టర్" అనే మాట ఎవరి నోట్లోంచీ రాకూడదు. వస్తే టీ గ్లాసులు వాళ్ళే కడగాల.

ఆ మాటతో వచ్చిన చిక్కేందంటే, అది పడినాక ఇంక మాట్లాడేదానికేం మిగలదు. కత్తి పడితే స్ట్రాంగ్, కోర్టులో అరిస్తే స్ట్రాంగ్, అత్తకు ఎదురు చెప్తే స్ట్రాంగ్. అందుకని నోటుబుక్కులో ఒక పేజీకి మూడు గడులు గీసుకున్నాం: ఆడపాత్ర చేసిన పని, చేసిన చోటు, మాట్లాడిన సెకన్లు. జరిగినవి రాయకూడదు, చేసినవే రాయాల. "పెళ్ళి చేశారు", "స్పృహ తప్పింది", "గుండె పగిలింది" ఇవన్నీ జరిగినవి. "తలుపు తీసింది", "సంతకం పెట్టింది", "ఊరు వదిలి వెళ్ళింది" ఇవి చేసినవి. వినడానికి చిన్న తేడానే గానీ, పది నిమిషాలు రాసి చూస్తే పేజీలో ఎంత తెల్లగా మిగులుతుందో తెలుస్తుంది.

ముందు సీరియల్. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోను కథకు మిగిలేది 20 నిమిషాల పైచిలుకు, కాబట్టి ఒక ఎపిసోడ్ సరిగ్గా సరిపోతుంది. పనులు పంచుకోవాల. ఒకరు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మాటలు కొలవాల, ఒకరు పనులు రాయాల, ఒకరు వంటిల్లా హాలా బయటా అని చోట్లు చూడాల, ఒకరు కెమెరా ఎవరి ముఖం మీద ఉందో చూడాల. అన్నీ ఒక్కరే రాస్తామని కూర్చుంటే ఐదో నిమిషానికే కథలో పడిపోతారు, పెన్ను ఆగిపోతుంది. ఇంకొకటి, మాటల్ని వాక్యాల లెక్కన కొలిస్తే తప్పు వస్తుంది. పనిమనిషి "సరేనమ్మా" అనేది ఒక వాక్యమే, పెద్దాయన పంచాయితీ తీర్పు కూడా ఒక వాక్యమే. సెకన్లయితే అబద్ధం చెప్పవు.

ఒక సీను ఇట్లా ఉంది. కోడలు పాలగ్లాసు పట్టుకుని గది తలుపు దాకా వస్తుంది. లోపలి మాట వింటుంది. గ్లాసు చేతిలోంచి జారుతుంది. కెమెరా ఆమె ముఖం మీదికి మూడుసార్లు ఎగిరి దూకుతుంది, పిడుగు పడిన చప్పుడు, ఆ తర్వాత లోపల ఉన్న ఒక్కొక్కరి ముఖం మీదికీ అదే దూకుడు. మా పేజీలో ఆమె పేరు కింద పడినవి రెండే: వచ్చింది, విన్నది. గ్లాసు జారింది కాబట్టి రాయలేదు. దాని మీద కాసేపు గొడవైంది. "కావాలనే పడేసిందేమో ఎవరికి తెలుసు అక్కా" అంటుంది ఎంఏ పిల్ల. సీను ఇంకోసారి వేసి చూశాం. జారిందే.

ఇట్లాంటి సీన్లు చూసి నవ్వడం సులభం. బైరాగిపట్టెడ అక్క ఒప్పుకోలేదు, ఆమె చెప్పింది సరైన మాట. ఫోను బోర్లించి పెట్టి, అదే ఎపిసోడ్ వట్టి శబ్దం మీద వినమంది. విన్నాం. కథ మొత్తం అర్థమైంది! ఎవరొచ్చారు, ఎవరికి కోపం, ఏ రహస్యం బయటపడింది, అన్నీ మాటల్లో రెండుసార్లు చెప్పేస్తారు, మూడోసారి సంగీతం చెప్తుంది. ఎందుకంటే ఇది కళ్ళప్పగించి చూసే మనిషి కోసం తీసింది కాదు. పోపు వేస్తా, పిల్లోడికి అన్నం పెడతా, మధ్యమధ్యలో వచ్చి చూసే మనిషి కోసం తీసింది. అమెరికా సోప్ ఒపేరాల (అక్కడి సీరియళ్ళ) గురించి టానియా మాడ్లెస్కీ 1980ల్లోనే ఈ సంగతి రాసింది: ఆ కథలు ఆగి ఆగి, చెప్పిందే చెప్పి నడవడానికీ, ఇంటిపని ముక్కలు ముక్కలుగా తెగుతూ ఉండడానికీ లంకె ఉందని. కాబట్టి మూడుసార్ల జూమ్‌ను ఎగతాళి చేసేటప్పుడు ఎవర్ని ఎగతాళి చేస్తున్నామో కొంచెం చూసుకోవాల. డబ్బు లెక్క కూడా ఉందనుకోండి. వారానికి ఆరు రోజులు ఎపిసోడ్ ఇచ్చుకుంటూ పోవాలంటే, మాట రాయక్కర్లేని, సెట్టు మార్చక్కర్లేని ముఖాలు నిమిషాలు నింపుతాయి.

అందరికీ తెలిసిన బెక్‌డెల్ పరీక్ష ఇక్కడ పనికి రాదు. అలిసన్ బెక్‌డెల్ 1985లో ఒక కామిక్‌లో వేసిన నియమం అది: కథలో కనీసం ఇద్దరాడవాళ్ళు ఉండాల, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల, ఆ మాట మగవాడి గురించి కాకుండా వేరే ఏదన్నా అయ్యుండాల. ఆడవాళ్ళే కనబడని సినిమాల కోసం పుట్టిన కొలత. మన సీరియల్లో ఇద్దరు కాదు, ఇంటినిండా ఆడవాళ్ళే. పాలల్లో ఏం కలపాలో కూడా ఇద్దరాడవాళ్ళే మాట్లాడుకుంటారు, పరీక్ష పాసైపోతుంది. ఇక్కడ రోగం వేరు. పెద్ద కంపెనీకి ఎండీ అని చెప్పిన ఆడమనిషి ఆఫీసులో ఏం చేస్తుందో చూడండి. ఫైలు మీద సంతకం పెడుతుంది, లేదా తన క్యాబిన్లో కూర్చుని ఇంట్లో గొడవ గురించి ఫోన్ మాట్లాడుతుంది. సరుకేంది, కొనేదెవరు, జీతాలెట్లా ఇస్తున్నారు, ఒక్క ముక్క కూడా లేదు. చోటు గడిలో "ఆఫీసు" అని రాసి, పని గడిలో వంటింటి పనే రాయాల్సి వచ్చింది.

పుస్తకాల దగ్గర పద్ధతి మార్చాల. అక్కడ సెకన్లు లేవు. రెండు రంగుల పెన్నులు తీసుకుని రెండు పేజీలు చాలు: ఎవరు చూస్తున్నారో ఒక రంగు, ఎవర్ని చూస్తున్నారో ఇంకో రంగు. యద్దనపూడి సులోచనారాణి నవలల మీద ఇది చేస్తే సరదాగా ఉంటుంది. ఆరడుగుల హీరో, కారు, చొక్కా మడత, నడక, వాచీ పెట్టుకున్న చెయ్యి. చూపంతా అమ్మాయిది, చూడబడేది మగవాడు. లారా మల్వీ 1975లో సినిమా గురించి రాసిన వ్యాసంలో కెమెరా వెనక మగచూపు ఉంటుందంటుంది కదా, దాన్ని వారపత్రికలు చదివే ఆడవాళ్ళ కోసం మన రచయిత్రులు ఎప్పుడో తిప్పి రాసేశారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ నవలలకు ఎంత గిరాకీ అంటే, మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాసినారు. ఆ నవలల్లో చివరికి పెళ్ళే కదా అని ఎంఏ పిల్ల పెదవి విరిచింది. నిజమే. అయితే పెళ్ళి దాకా ఎవరి చూపుతో నడిచామన్నదీ లెక్కే.

ఇంకో పని కూడా చెయ్యాల పుస్తకాలకు: పీఠిక చదవాల. ముద్దుపళని అనే కవయిత్రి రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించింది. ఎందుకంటే అంతకుముందు అచ్చయిన ప్రతిలో ముద్దుపళని తన గురించి చెప్పుకున్న భాగమూ, కొన్ని పద్యాలూ ఎత్తేశారు. తర్వాత ఆ పుస్తకాన్నే ప్రభుత్వం నిషేధిస్తే, ప్రకాశం పంతులు హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. రచయిత్రిని ముందు పీఠికలోంచి తీసేస్తారు, తర్వాత అల్మారాలోంచి తీసేస్తారు. మన జిల్లాలో అయితే ఇంకా మర్యాదగా జరుగుతుంది ఈ పని. తరిగొండ వెంగమాంబ అంటే ఇక్కడ చిన్నపిల్లోణ్ణి అడిగినా కొండమీద ఆమె పేరుతో ఉన్న అన్నప్రసాదం అంటాడు. వేంకటాచల మాహాత్మ్యం రాసిన కవి అనీ, ద్విపదలూ యక్షగానాలూ రాసిందనీ, చిన్నప్పుడే భర్త పోతే గుండు చేయించుకోనని నిలబడిందనీ చెప్పేవాళ్ళు తక్కువ. అన్నం పెట్టే పేరుగా మిగిలింది, పద్యం రాసిన పేరుగా కాదు. పని గడిలో ఏం రాస్తామో చూసుకోండి.

గేముల దగ్గరికొస్తే ఈ పద్ధతికి అసలైన బలం వస్తుంది, ఎందుకంటే అక్కడ పని అంటే బటనే. పాత్ర ఏం చెయ్యగలదో కంట్రోల్స్ పేజీలోనే ఉంటుంది, ఆడకముందే చదివేయొచ్చు. 1981 డాంకీ కాంగ్‌లో మగవాడికి పరుగు, దూకుడు, నిచ్చెన ఎక్కడం, సుత్తి కొట్టడం. పైన నిలబడిన పాలీన్‌కు ఉన్నదల్లా "హెల్ప్" అనే అరుపు, అదీ బటన్ మీద కాదు. 1986లో వచ్చిన మెట్రాయిడ్‌లో మనం ఆడించే పాత్ర కవచం లోపల ఉన్నది ఆడమనిషని చివర్లో చెప్తారు, బాగుంది. కానీ ఆటను ఎంత తొందరగా ముగిస్తే చివరి బొమ్మలో ఆమె ఒంటి మీద బట్టలు అంత తగ్గుతాయి. పనులన్నీ ఆమెవి, బహుమానం మాత్రం చూసేవాడిది.

2005లో వచ్చిన సూపర్ ప్రిన్సెస్ పీచ్ అయితే మా పేజీకి కానుక. ఎప్పుడూ ఎత్తుకుపోబడే రాకుమారి ఈసారి తానే బయల్దేరి మారియోను విడిపించుకొస్తుంది. మరి ఆమె శక్తులు? సంతోషం, దుఃఖం, కోపం, శాంతం. దుఃఖం నొక్కితే కన్నీళ్ళు కాలువలా కారి మొక్కలు పెరుగుతాయి. ఏడుపుకు బటన్! సీరియల్ కోడలికి దీని గురించి ఎవరూ చెప్పినట్టు లేదు.

దీనికి ఎదురుగా పుణేలో తయారైన రాజీ ఉంది, 2020లో వచ్చింది. తమ్ముణ్ణి రాక్షసులు ఎత్తుకుపోతే అక్క త్రిశూలం పట్టుకుని వెతుకుతా పోతుంది. గోడలు ఎక్కుతుంది, స్తంభం పట్టుకుని తిరిగి తంతుంది. ఆమె ఒంటిని కెమెరా నెమ్మదిగా తడమదు, దూరంగా ఉండి ఆమె ఎటు పోతుందో చూపిస్తుంది. ఆ దూరం చాలా పెద్ద సంగతి.

అక్కడి నుంచి మాట గంగమ్మ జాతరకు పోయింది, తిరుపతిలో కూర్చుంటే పోకుండా ఎట్లా. అవిలాలలో పుట్టి, కైకాల కులం వాళ్ళింట్లో పెరిగిన గంగమ్మ కథకు పేజీ వేసి చూడండి: చెయ్యి పట్టిన పాళెగాడికి తన అసలు రూపం చూపింది, వాడు పారిపోయి దాక్కుంటే బైరాగి, బండ, తోటి వేషాలు కట్టి వెతికింది, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించింది, తల నరికింది. అన్నీ చేసినవే, జరిగినవి ఒక్కటీ లేవు. ఆ వేషాలు కట్టి వీధుల్లో తిరిగేది కైకాల మగవాళ్ళు. మొక్కు ఉన్న మామూలు మగవాళ్ళు కూడా చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుంటారు. జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీదే 2013లో ఒక పుస్తకం రాసింది, ఆ వారమంతా లోకమే ఆడరూపం అవుతుందని. మరి గేమ్‌లో తమ బొమ్మకు ఆడస్కిన్ (ఆడవేషం) వేసుకుని ఆడే మగపిల్లలు? "గంటలకొద్దీ వెనకనుంచి చూడాల్సింది ఆ బొమ్మనే కదా, అమ్మాయైతే బాగుంటుందని" అని వాళ్ళే చెప్తారు. ఇద్దరూ ఆడరూపమే వేసుకున్నారు. ఒకడు అమ్మకు మొక్కి తనే ఆ రూపం అవుతాడు, ఇంకొకడు ఆ రూపాన్ని తన ముందర నడిపించుకుని చూస్తా ఉంటాడు. కొర్లగుంట అక్కకు ఈ పోలిక నచ్చలేదు. చీర కట్టినవాళ్ళందరూ జాతర మర్నాడు ఇంట్లో ఎట్లా ఉంటారో కూడా రాయమంది. దానికి గడి లేదు.

నిజంగా అమ్మాయి ఆడుతుంటే ఏమవుతుందో ఆ అక్కకే బాగా తెలుసు, వాళ్ళ పాప బీజీఎంఐ ఆడుతుంది, ఫోన్లో జట్టుగా (స్క్వాడ్‌గా) ఆడే కాల్పుల ఆట. గొంతు బయటపడగానే బూతులో, పెళ్ళి సంబంధాలో మొదలవుతాయి. అందుకని పిల్లలు మైకు ఆపేస్తారు. తెర మీద చిన్న మ్యాపు పక్కన మైకు గుర్తు ఉంటుంది, "ఆల్" మీద అస్సలు పెట్టకూడదు, టీమ్ మీద గానీ ఆఫ్ మీద గానీ ఉంచాల. పేరులో, బొమ్మలో అసలు వివరాలు వద్దు. ఒక్కొక్కరిని మ్యూట్ చెయ్యొచ్చు, మ్యాచ్ అయినాక రిపోర్టు కొట్టొచ్చు. కానీ దీనికి ధర ఉంది. మైకు ఆఫ్‌లో ఉంటే శత్రువు ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పలేదు, స్క్వాడ్ చచ్చిపోతుంది, "ఈమెకు ఆడటం రాదు" అంటారు. దానికి మందు మ్యాపు మీద మార్కర్ (గుర్తు) పెట్టడం, ఒక్క నొక్కుతో పంపే క్విక్ చాట్ మాటలు ముందే సర్దిపెట్టుకోవడం, తెలిసిన నలుగురితోనే స్క్వాడ్ కట్టడం. ఏపెక్స్ లెజెండ్స్ అనే ఇట్లాంటి ఆటే 2019లో వచ్చినప్పుడు దాని పింగ్ పద్ధతిని అంతగా మెచ్చుకున్నది ఇందుకే, నోరు తెరవకుండా ఆయుధం, దారి, శత్రువు అన్నీ చూపించొచ్చు. గొంతు దాచుకునే అవసరాన్ని అది తీసేయలేదు, దాచుకున్నవాళ్ళు ఓడిపోకుండా మాత్రం చూసింది.

బైరాగిపట్టెడ అక్క మాత్రం "నాకు గేములు రావు మే" అంటానే క్యాండీ క్రష్ ఆడతా ఉంది.

చివర్లో వెన్బా దగ్గర లెక్క తప్పింది. 2023లో వచ్చిన చిన్న ఆట, కెనడాకు వెళ్ళిన తమిళ అమ్మ, ఆమె తల్లి ఇచ్చిన చిరిగిన వంట పుస్తకం, అందులో చెరిగిపోయిన మెట్లు మనమే ఊహించి ఇడ్లీ మొదలుకుని వండాల. చోటు గడిలో మొదటి నుంచీ వంటిల్లే. సీరియల్ అయితే వెంటనే మైనస్ పెట్టేవాళ్ళం. ఇక్కడ వంట అనేది ఆలోచించి తేల్చాల్సిన పని, తప్పు చేస్తే మళ్ళీ మొదట్నుంచి, ఏది ముందు ఏది వెనక అన్న తెలివంతా ఆమెది. "అట్లయితే సీరియల్లో కోడలి వంట ఎందుకు పని కాదు?" అని ఎంఏ పిల్ల అడిగింది. వండుతున్నట్టు చూపించరు కాబట్టి, గిన్నెలో గరిటె తిప్పుతా వేరే మాట మాట్లాడుతుంది కాబట్టి అని ఒకరు. ఎవరి కోసం వండుతుందో చూడాలని ఇంకొకరు. కొర్లగుంట అక్క పెన్ను లాక్కుని నాలుగో గడి గీసింది: "ఎవరు చెప్తే".

వచ్చే ఆదివారం అదే ఎపిసోడ్‌కు ఈ నాలుగో గడి పెట్టి మళ్ళీ చూస్తాం. ల్యాప్‌టాప్ ఎంఏ పిల్ల తెస్తుంది, కంట్రోలర్ అడిగి తేవాల. గ్లాసులు నేనే కడిగాను.