బీరువాలో తగ్గిపోతున్న ఇనుము

పద్దెనిమిదేళ్లుగా ఒంగోలు నుంచి కనిగిరి, పొదిలి, కందుకూరు దుకాణాలకు మంచాలు, బీరువాలు టోకుగా పంపుతున్నాను. ఒకప్పుడు శ్రావణం ముందు ఫోను చేస్తే "20 గేజ్‌వి ఎన్ని ఇవ్వగలరు?" అని అడిగేవారు. ఇప్పుడు రేకు మందం చెప్పే ఆ గేజ్ మాటే రావడం లేదు. "ఎంతకు పడుతుంది?" అని మాత్రం అడుగుతున్నారు.

పట్నంలో కొత్త ఇల్లు కట్టుకునేవారు గోడల్లోనే అలమరాలు చేయించుకుంటున్నారు. బీరువాకు ఇంకా గిరాకీ ఉన్నది పల్లెల్లో, ఆడపిల్ల సారెలో. మంచం, పరుపు, బీరువా అన్నీ ఆ తండ్రి ఒకే లెక్కలో సర్దుకోవాలి. అందుకని దుకాణదారు ధర తగ్గించమంటాడు, తయారీదారు రేకు తగ్గిస్తాడు.

గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. చాలామంది పెద్ద అంకె అంటే గట్టిదనుకుంటారు. 20 గేజ్ రేకు మందం సుమారు 0.9 మిల్లీమీటర్లు, 24 గేజ్‌ది 0.56. చదరపు మీటరు తూస్తే మొదటిది ఏడు కిలోలు, రెండోది నాలుగున్నర లోపే. ఆరున్నర అడుగుల బీరువాకు అరలతో కలిపి ఎనిమిది చదరపు మీటర్ల రేకైనా పడుతుంది. అంటే ఒక్క బీరువాలో ఇరవై కిలోల ఇనుము తగ్గిపోతోంది. పైన రంగూ అద్దమూ మాత్రం అవే.

నిరుడు ఒక తయారీదారు బిల్లులో 22 అని రాసి 24 గేజ్ సరుకు పంపాడు. నేను కొలవకుండానే దించుకున్నాను. మూడు నెలలకే కనిగిరి వైపు ఒక ఇంట్లో అరలు వంగి, తలుపు పట్టేసింది. ఆ బీరువా సారెలో పెట్టిన పెద్దాయన నన్ను తిట్టలేదు. "మా అమ్మాయి అత్తవారి ముందు చిన్నబోయిందండీ" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

చెక్క తునకలను జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అలమరాల సంగతి వేరు. విడి పలకలుగా పెట్టెల్లో వస్తాయి, లారీలో ఎక్కువ పడతాయి, కిరాయి కలిసివస్తుంది. వాటి గిరాకీ పెరగడం సహజమే. కానీ మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. నేలకు ఆనిన అంచు తడి పీల్చి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. కింద కాళ్లు లేనివి నేను తెప్పించడం మానేశాను.

ఇప్పుడు గోదాములో కాటా ఉంది, రేకు మందం కొలిచే మైక్రోమీటరు ఉంది. ప్రతి బీరువా బరువూ బిల్లులో రాస్తున్నాను. పొదిలి దుకాణదారు ఆ అంకెను చీటీ మీద రాసి తలుపుకు అంటిస్తున్నాడట. మొన్న ఫోను చేసి, యాభై ఐదు కిలోలకు తగ్గనివి ఆరు కావాలన్నాడు.