అమ్మ పెళ్లి 2019లో జరగలేదు

పొద్దున్నుంచి ఒకటే చిరాకు. ఫోన్ తనంతట తనే ఓ వీడియో తయారుచేసి పెట్టింది, 2019 జ్ఞాపకాలట. మొదట గులాబీల గుడ్ మార్నింగ్, ఆ తర్వాత గ్యాస్ బిల్లు, ఆ వెంటనే బాసికం కట్టుకుని తల దించుకున్న మా అమ్మ. వెనక గిటారు సంగీతం! అమ్మ పెళ్లి 1978లో అయింది. దివిసీమ ఉప్పెన వెళ్లాక వచ్చిన వేసవిలో అని మా వాళ్లంతా ఉప్పెనతోనే లెక్క చెబుతారు.

ఫోన్‌ని ఏమని లాభం లేదు, ఇదంతా మా చిన్నోడి నిర్వాకం. ఆ పెళ్లి ఆల్బమ్ విజయవాడ సింగ్ నగర్‌లో పిన్ని దగ్గర ఉండేది. స్కాన్ చేయించి పంపరా నాయనా అంటే, దాన్ని మంచం మీద పరిచి ఫోన్‌తో టకటకా తీసి వాట్సాప్‌లో పడేశాడు. ప్రతి దాని మీదా ట్యూబ్‌లైటు గీత. నాన్నకైతే సరిగ్గా ముక్కు మీద పడింది. ఓ మూల వీడి బొటనవేలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిక్కి సగమవుతుంది, ఎప్పుడు తీశారో, ఏ ఫోన్‌తో తీశారో లోపల రాసి ఉండేదంతా ఊడిపోతుంది. ఇక ఫైలు పేరులో మిగిలేది అది మనకొచ్చిన తేదీ, వాట్సాప్ గుర్తుగా ఓ డబ్ల్యూఏ. పాపం ఫోన్ దాన్నే నమ్ముకుంది.

"డాక్యుమెంట్‌గా పంపరా, ఉన్నది ఉన్నట్టు వస్తుంది" అన్నాను అప్పట్లో. "ఏ డాక్యుమెంట్లక్కా, ఇంటివా?" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అవే ఫోటోలు, మళ్లీ అలాగే. అందుకే ఇప్పుడు ప్రతిదీ రెండేసి ఉన్నాయి.

మా ఆయన పద్ధతి వేరు. హార్డ్ డిస్క్‌లో న్యూ ఫోల్డర్, దాంట్లో న్యూ ఫోల్డర్ 2, దాంట్లో ఫైనల్. తెరిస్తే ఖాళీ. గూగుల్ ఫోటోస్ ఉచితమని ఇన్నాళ్లూ అన్నీ అందులో కుక్కాం. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కించేవన్నీ లెక్కలోకి వస్తున్నాయి, మెయిళ్లతో కలిపి 15 జీబీ. అది నిండిందని రోజూ గొడవ. ఈ సర్దుడు పెట్టుకున్నది అందుకే, లేకపోతే నాకేం సరదానా?

సరే, కనీసం అమ్మ పెళ్లి తేదీ అయినా దిద్దుదామని శుభలేఖ తీశాను. కాళయుక్తి నామ సంవత్సర వైశాఖ మాసం, గురువారం రాత్రి (తెల్లవారితే శుక్రవారం). ఇప్పుడు నేను గురువారం కొట్టాలా, శుక్రవారమా? అమ్మనడిగితే "పెళ్లి గురువారమే, తాళి కట్టేసరికి కోడి కూసింది" అంది. ఫోటోలో తాళి ఇంకా కట్టలేదు. పక్కన పరికిణీలో పిన్ని, బుగ్గ నిండా లడ్డూ కుక్కుకుని కెమెరానే చూస్తోంది. భలే ఉంది.

వేలు పెట్టి పెద్దది చేసి చూస్తుంటే, ఆ గీత మీద కోపం ఎటు పోయిందో తెలీదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ ఆల్బమ్ బీరువా కింద అరలో ఉంది. పిన్ని వాళ్లు మేడ మీదికి బియ్యం, గ్యాస్ బండ, కోడలి మందులు ఎక్కించుకున్నారు. ఆల్బమ్ ఎవరికి గుర్తొస్తుంది? నీళ్లు తీశాక బీరువా తలుపు ఉబ్బరించి రాలేదు, గునపంతో తీశారు. బురద కంపు. ఫోటోల మీద ఉండే జెలటిన్ పూత తడిస్తే జిగురవుతుందట, మంచినీళ్లలో నానబెట్టి తడి మీదే ఒక్కొక్కటీ విడదీసుకోవాలట. ఆ సంగతి అప్పుడెవరికి తెలుసు. పిన్ని డాబా మీద ఎండలో పెట్టింది. తడిసిన అప్పడాల కట్టలా మొత్తం ఒక్కటైపోయింది. విడదీయబోతే నాన్న సగం అటు, సగం ఇటు వచ్చాడు. "అక్కకేం చెప్పను" అని పిన్ని ఫోన్‌లో ఏడుస్తుంటే, ఇల్లు పోయినంత పనైంది, ఫోటోల గురించి ఏడుస్తావేంటని నేనే కసిరాను.

అంటే ఇప్పుడున్నవి వాడి బొటనవేలు ఫోటోలే. రెండేసి ఉన్నా తీయబుద్ధి కావట్లేదు. తేదీ కూడా మార్చలేదు. 1978 అని పెడితే అట్టడుగుకు పోతుంది, అక్కడిదాకా జరుపుకుంటూ వెళ్లి చూసేదెవరు? ఇలాగైతే ఏడాదికోసారి గ్యాస్ బిల్లు పక్కనైనా కనబడుతుంది. గిటారు మాత్రం భరించలేను.

వాడు తీసిన అసలు ఫోటోలు, చిక్కిపోనివి, అప్పటి ఫోన్‌లోనే ఉండాలి కదా అని ఇందాకే తట్టింది. పొద్దున్నే ఫోన్ చేసి అడగాలి. "పాడైపోయిన సెల్‌ఫోన్లు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగేవాడికి ఏ నూటయాభైకో ఇచ్చేసి ఉంటాడు వెధవ.