ప్రీమో లేవీని చదివేటప్పుడు ముందు క్రియలు చూడండి

నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి బతికొచ్చిన ఇటాలియన్ యూదు రచయిత ప్రీమో లేవీ జ్ఞాపకాల పుస్తకం ‘ఇఫ్ దిస్ ఈజ్ ఎ మాన్’ మీద వ్యాసం రాయమంటే చాలామంది మొదట ఉపమల జాబితా తయారుచేస్తారు. దొరుకుతాయి కూడా, కాదనను. అయితే ఈ పుస్తకం బరువు మోసేవి ఉపమలు కావు. క్రియ ఏ కాలంలో ఉంది, మాట్లాడేది ‘నేను’గానా ‘మేము’గానా, ఏ వాక్యం పక్కన ఏ వాక్యం పెట్టాడు – పని అంతా ఇక్కడ జరుగుతుంది. ఇవి అలంకారాల్లా కనిపించవు కాబట్టి చదివేవాళ్ళ కళ్ళు వాటిని దాటి వెళ్ళిపోతాయి.

ముందుగా కాస్త వివరం. లేవీ 1919లో టూరిన్‌లో పుట్టాడు, 1941లో రసాయనశాస్త్రం డిగ్రీ తీసుకున్నాడు. 1943 డిసెంబరు 13న ఫాసిస్టు మిలీషియాకు చిక్కాడు. 1944 ఫిబ్రవరి 22న ఇటలీలోని ఫోస్సోలి శిబిరం నుంచి 650 మందిని 12 గూడ్సు పెట్టెల్లో ఎక్కించి పంపిన రైల్లో అతనూ ఉన్నాడు. ఆష్విట్జ్ సముదాయంలోని మోనోవిట్జ్ శిబిరంలో పడ్డాడు. ఎడమ చేతి మీద పొడిచిన నంబరు 174517. రష్యన్ సైన్యం అక్కడికి చేరింది 1945 జనవరి 27న. పుస్తకం 1947లో దె సిల్వా అనే చిన్న ప్రచురణ సంస్థ నుంచి 2500 ప్రతులతో వచ్చింది. 1958లో ఐనౌది సంస్థ మళ్ళీ వేసినప్పుడు కొంత చేర్పు జరిగింది. మురికి నీళ్ళతోనైనా, సబ్బు లేకపోయినా ముఖం కడుక్కోవాల్సిందేనని తోటి ఖైదీ స్టైన్‌లాఫ్ వాదించే అధ్యాయం అలా తర్వాత చేరిందే. ఇంగ్లీషులో ‘సర్వైవల్ ఇన్ ఆష్విట్జ్’ అన్న పేరుతో దొరికేదీ ఇదే పుస్తకం. రెండూ కొనకండి.

ఇక క్రియల సంగతి. మొదటి అధ్యాయం భూతకాలంలో నడుస్తుంది: పట్టుకున్నారు, తీసుకెళ్ళారు, రైలెక్కించారు. రెండో అధ్యాయం కూడా అలాగే మొదలవుతుంది. లారీ ప్రయాణం ఇరవై నిమిషాలకు మించలేదు, గేటు కనబడింది, దిగారు. తర్వాత ఒక పెద్ద ఖాళీ గదిలోకి తోస్తారు. అక్కడ హఠాత్తుగా వర్తమానం వచ్చేస్తుంది. ఇది నరకం అంటాడు, మన కాలంలో నరకం ఇలాగే ఉండాలంటాడు. కుళాయి కారుతోంది, ఆ నీళ్ళు తాగకూడదు, నాలుగు రోజులుగా దాహం, ఏదో భయంకరమైనది జరుగుతుందని ఎదురు చూస్తున్నారు, ఏమీ జరగడం లేదు, అలా జరగకుండానే ఉంది.

పెన్సిలు పట్టుకుని ఈ మలుపు దగ్గర గీత పెట్టండి. ‘ఉత్కంఠ కోసం వర్తమానకాలం వాడాడు’ అని రాస్తే తప్పు. ఆ గదిలో ఉత్కంఠకు తగ్గ సంఘటనే లేదు, జరగకపోవడమే అక్కడి సంఘటన. శిబిరంలో రేపు అన్నది తెగిపోయింది, నిన్నకు విలువ పోయింది, మిగిలింది ఇప్పుడు మాత్రమే. తమకు చరిత్ర ఆగిపోయిందని లేవీ తర్వాత నేరుగానే అంటాడు. శిబిరం యాసలో ‘ఎప్పటికీ కాదు’ అనడానికి ‘రేపు పొద్దున’ అనేవాళ్ళట. ఈ సంగతులు అతను చెప్పేది చాలా పేజీల తర్వాత. క్రియలు ఆ పెద్ద ఖాళీ గదిలోనే చెప్పేశాయి.

పుస్తకంలో ఇంకో వర్తమానం ఉంది, దాన్ని దీంతో కలపకూడదు. అది రాస్తున్న మనిషి వర్తమానం. ఒకచోట లేవీ, ఈరోజు, బల్ల ముందు కూర్చుని రాస్తున్న ఈ అసలైన ఈరోజు, ఇవన్నీ నిజంగా జరిగాయంటే తనకే నమ్మకం కుదరడం లేదంటాడు. లాబొరేటరీ పనికి ఖైదీలను ఎంచుకోవడానికి పెట్టిన రసాయన పరీక్ష అధ్యాయంలో ఇదే జరుగుతుంది. పరీక్ష పెట్టిన జర్మన్ డాక్టర్ పన్‌విట్జ్ అతన్ని చూసిన చూపును అక్వేరియం గాజుకు అటూ ఇటూ ఉన్న రెండు వేరు లోకాల ప్రాణుల మధ్య చూపుతో పోలుస్తాడు. పరీక్షల్లో అందరూ రాసేది ఈ ఉపమే. నా మటుకు దాని తర్వాతిదే అసలు దెబ్బ. తిరిగి వస్తూ కాపో (తోటి ఖైదీల మీద పెత్తనానికి పెట్టిన ఖైదీ) అలెక్స్ ఒక ఇనుప తీగను పట్టుకుంటాడు, చేతికి నల్లటి జిడ్డు అంటుకుంటుంది. కోపం లేదు, వెటకారం లేదు, ఆ చేతిని లేవీ భుజానికి తుడుచుకుంటాడు, అరచేయి ఒకసారి, వెనకవైపు ఒకసారి. ఈ పనిని బట్టే ఈరోజు అతన్నీ పన్‌విట్జ్‌నూ తాను తూస్తున్నానని ఎవరైనా చెబితే ఆ అలెక్స్ ఆశ్చర్యపోతాడని వెంటనే రాస్తాడు లేవీ. ‘ఈరోజు’ అన్న ఒక్క మాటతో అప్పటి ఖైదీ పక్కకు జరిగి సాక్షి ముందుకొస్తాడు. విశ్లేషణ రాసేవాళ్ళు ఈ ఇద్దరు ‘నేను’లనూ విడదీసి చూపకపోతే మిగతా అంతా గజిబిజి అవుతుంది.

‘మేము’ సంగతి కూడా ఇలాంటిదే. శిబిరం రొటీన్ చెప్పే పేజీల్లో దాదాపు అంతా ‘మేము’: లేస్తాం, వరసలో నిలబడతాం, రొట్టె కోసం చెయ్యి చాపుతాం. ‘నేను’ తిరిగొచ్చే చోట్లు గుర్తుపెట్టుకోండి. రసాయనశాస్త్రం గుర్తుకొచ్చినప్పుడు, ఇటాలియన్ కవి దాంతే గుర్తుకొచ్చినప్పుడు, ఇల్లు కలలోకి వచ్చినప్పుడు. ఆ కలలో అతను జరిగినదంతా చెబుతుంటాడు, ఎవరూ వినరు, చెల్లెలు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతుంది. చదువు, జ్ఞాపకం, ఇల్లు – ఖైదీలో మనిషి మిగిలిన మేరకే ఆ సర్వనామం ఏకవచనం అవుతుంది.

లేవీ గొంతు తగ్గించి మాట్లాడతాడని అందరూ రాస్తారు. బాధితుడి విలాపం, ప్రతీకారం కోరేవాడి కోపం రెండూ వద్దనుకుని సాక్షికి తగిన నిదానపు భాష ఎంచుకున్నానని 1976లో బడిపిల్లల ముద్రణకు రాసిన అనుబంధంలో తనే చెప్పాడు. అయితే ‘నిగ్రహం’ అని పేరు పెట్టి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆ నిగ్రహం దేనికి దాచిపెట్టాడో చూడాలి. ‘1944 అక్టోబరు’ అధ్యాయంలో గ్యాస్ చాంబర్‌కు ఎవరిని పంపాలో ఎంపిక జరిగిన రాత్రి, ముసలి కూన్ తనను ఎంపిక చేయనందుకు ఊగుతూ గట్టిగా దేవుడికి దండం పెట్టుకుంటాడు. పక్క బల్ల మీద ఇరవయ్యేళ్ళ గ్రీకు కుర్రాడు బెప్పో దీపం వైపు చూస్తూ పడుకుని ఉంటాడు, ఎల్లుండి వెళ్ళేది అతను. అప్పుడు లేవీ అంటాడు, తాను దేవుడినైతే ఆ ప్రార్థన మీద ఉమ్మేసేవాణ్ణని. అధ్యాయం అక్కడితో సరి. అన్ని పేజీలు నివేదికలా రాసుకొచ్చినందుకే ఆ ఒక్క వాక్యం అంతలా తగులుతుంది. మొదటి పేజీ నుంచే తిట్టి ఉంటే ఇక్కడ దానికి పదునుండేది కాదు.

పక్కపక్కన పెట్టడంలో లేవీ నేర్పు ఫోస్సోలి చివరి రాత్రి చూస్తే తెలుస్తుంది. తెల్లారితే రైలు. ఒకరు తాగుతున్నారు, ఒకరు ప్రార్థిస్తున్నారు. తల్లులు మాత్రం దారికి తిండి సర్దుతున్నారు, పిల్లలకు స్నానాలు చేయిస్తున్నారు. పొద్దున్నే ముళ్ళతీగ నిండా ఆరేసిన పిల్లల బట్టలు. ఇక్కడ ‘సంకేతం’ అని రాయబోయే చెయ్యిని ఆపండి. ముళ్ళతీగ ముళ్ళతీగే, బట్టలు బట్టలే. రెండూ ఒకే చోట ఉన్నాయి, అతను చెప్పాడు. వెంటనే చదివేవాళ్ళ వైపు తిరిగి, రేపు మిమ్మల్నీ మీ బిడ్డనూ చంపేస్తారని తెలిస్తే ఇవాళ బిడ్డకు అన్నం పెట్టరా అని అడుగుతాడు. పుస్తకం ముందున్న కవిత కూడా వెచ్చని ఇళ్ళలో క్షేమంగా ఉన్న ‘మీరు’ అంటూనే మొదలవుతుంది. యూదుల నిత్యప్రార్థన ‘షెమా’ దానికి మూస, చివరికి అది శాపంగా మారుతుంది. మూడేళ్ళ ఎమీలియా గురించిన వాక్యమూ ఇదే పద్ధతి. కిక్కిరిసిన పెట్టెలో అమ్మానాన్నలు ఆ పాపకు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించారు. ఆ నీళ్ళు రైలు నడిపేవాడు ఇంజను నుంచి తీసుకోనిచ్చినవి, వాళ్ళందరినీ చావుకు లాక్కుపోతున్న ఇంజను అది. దయ, చావు ఒకే వాక్యంలో, మధ్య ‘కానీ’ అన్న మాట కూడా లేకుండా.

దాంతే అధ్యాయంలో ఈ పని ఇంకా లోతుగా జరుగుతుంది. జీన్ అనే కుర్రాడితో కలిసి సూప్ తేవడానికి వంటశాలకు నడుస్తూ, అతనికి ఇటాలియన్ నేర్పాలని లేవీ దాంతే నరక కావ్యం ‘ఇన్ఫెర్నో’ 26వ సర్గలోని యులిసీస్ ఘట్టం చెప్పబోతాడు. పద్యపాదాలు జ్ఞాపకం నుంచి జారిపోతుంటాయి. బళ్ళో కంఠతా పట్టిన గజేంద్రమోక్షం పద్యం మూడో పాదం దగ్గర తెగిపోతే మనం తడుముకున్నట్టు తడుముకుంటాడు. ఆ ఖాళీలు అలాగే పేజీ మీద ఉంచాడు, ఇంటికొచ్చాక పుస్తకం తెరిచి పూరించుకోవడానికి అడ్డేమీ లేదు. ఒక పాదాన్ని చివరి పాదాలతో కలపగలిగితే ఆ పూట సూప్ వదులుకుంటానంటాడు. ఆకలి ఎంతటిదో అప్పటికి మనకు తెలుసు కాబట్టి ఆ బేరం విలువ తెలుస్తుంది. చివర వంటశాల వరస. ఇవాళ సూప్ క్యాబేజీ, టర్నిప్ దుంపలు అని జర్మన్‌లో, ఫ్రెంచిలో, హంగేరియన్‌లో చెబుతున్నారు. ఆ వెంటనే దాంతే సర్గ ఆఖరి పాదం, సముద్రం మా మీద మూసుకుపోయేదాకా. వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు.

వ్యంగ్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆష్విట్జ్‌కు 1944లో మాత్రమే పంపడం తన అదృష్టం అని ముందుమాట మొదలవుతుంది. ఇది వెటకారం కాదు. పనివాళ్ళ కొరత వల్ల ఆ ఏడాది ఖైదీల ఆయుష్షు కొంచెం పెంచాలని జర్మన్లు నిర్ణయించారన్నది ఉన్న మాటే. వాస్తవమే వ్యంగ్యంగా ఉంది, అతను దాన్ని మార్చకుండా పెట్టాడు.

చివరి అధ్యాయానికి వస్తే పైన పెట్టిన పెన్సిలు గీతలు పనికొస్తాయి. 1945 జనవరి 18న జర్మన్లు శిబిరాన్ని ఖాళీ చేసి నడవగలిగినవాళ్ళను తోలుకుపోయారు. స్కార్లెట్ జ్వరంతో ఆసుపత్రి గుడిసెలో ఉన్న లేవీ మిగిలిపోయాడు. అక్కడి నుంచి తేదీలు వేసిన డైరీ మొదలవుతుంది, క్రియలు భూతకాలానికి తిరిగొస్తాయి. లేవీ, తోటి ఖైదీలు చార్లెస్, ఆర్థర్ కలిసి పొయ్యి తెచ్చి వెలిగించాక, పనిచేసిన ఆ ముగ్గురికీ తలా ఒక రొట్టెముక్క ఇద్దామని టోవరోవ్‌స్కీ అనే రోగి అంటాడు. ఖైదీలు మళ్ళీ మనుషులవడం ఆ క్షణం నుంచి మొదలైందని లెక్కవేయవచ్చంటాడు లేవీ. క్షణాన్ని గుర్తుపెట్టి లెక్కవేయడం మళ్ళీ సాధ్యమైందన్నమాట. అధ్యాయాలు వరస ప్రకారం కాక ఏది ముందు చెప్పి తీరాలో ఆ క్రమంలో రాశానని ముందుమాటలో అంటాడు, ఈ ఆఖరిదే అన్నిటికన్నా ముందు రాసింది.

ఇది రచనా నేర్పా, జరిగింది జరిగినట్టు చెప్పడమా అన్న సందేహం ఉన్నవాళ్ళకు ఒక మంచి కొలబద్ద ఉంది. తనతోపాటు బతికి బయటపడ్డ వైద్యుడు లియొనార్దో దె బెనెదెత్తితో కలిసి లేవీ మోనోవిట్జ్ ఆరోగ్య పరిస్థితుల మీద ఒక నివేదిక రాశాడు. అది 1946లో ‘మినెర్వా మెదికా’ అనే వైద్య పత్రికలో వచ్చింది, ఇంగ్లీషు అనువాదం విడి పుస్తకంగా దొరుకుతుంది. అదే శిబిరం, అవే జబ్బులు, అదే ఆసుపత్రి. ఆసుపత్రి గురించిన పేజీలను రెండింటిలోనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. నివేదికలో ఉండి జ్ఞాపకాల పుస్తకంలో లేనివి ఒకవైపు, ఇందులో ఉండి అందులో లేనివి ఒకవైపు రాసుకోండి. రెండో వైపు తేలేవాటిలో వాస్తవాలకన్నా క్రియల కాలాలు, సర్వనామాలు, వాక్యాల క్రమమే ఎక్కువ. వ్యాసం ఆ రెండో వైపు నుంచి మొదలుపెట్టండి, ఉపమలకు చివర ఒక పేరా చాలు.