బాపు పుస్తకంలో మేడారం

మా బాపు మగ్గం పక్కన గోడగూట్లో ఎర్ర అట్ట వేసిన లెక్కల పుస్తకం ఒకటి ఉండేది. ముందు పేజీలలో తెచ్చిన నూలు, నేసిన జంపుకానలు, ముట్టిన కూలి లెక్కలు రాసుకునేవారు. అదే పుస్తకాన్ని వెనుక నుంచి తెరిస్తే మేడారం జాతర జరిగిన ఏడాదులు, ఒక్కొక్క ఏడాది కింద మనుమలు, మనుమరాండ్ర పేర్లు, వాటికి ఎదురుగా కిలోలలో బరువులు కనిపించేవి. మొదటి పద్దు 2010 నాటిది: మా పెద్దమ్మాయి పేరు, 10 కిలోలు. ఆయన స్వయంగా నింపిన చివరి పద్దు 2022 నాటిది. అప్పటికి పిల్లలు ఐదుగురు, మొత్తం 123 కిలోలు.

అది నిలువెత్తు బంగారం లెక్క. సమ్మక్క, సారలమ్మలకు మొక్కే బెల్లాన్ని మేడారం తొవ్వలో ఎవరూ బెల్లం అనరు. పిల్లలెవరైనా నోరుజారితే "బంగారం అనాలె బిడ్డా" అని బాపు మెల్లగా సరిదిద్దేవారు. జాతరకు వారం ముందు మమ్మల్నందరినీ వరంగల్ బీట్‌బజారుకు తీసుకుపోయి, కాంటాకు ఒక పక్క పిల్లను, మరొక పక్క బంగారాన్ని పెట్టించి, ముల్లు సరిగ్గా నిలిచిన తర్వాత ఇంకొక ముక్క తన చేత్తో వేయించేవారు. "సరి తూగుడు కాదు, చిటికెడు మొగ్గాలె" అనేవారు. కాని బరువులను అక్కడ పుస్తకంలో ఎక్కించేవారు కాదు. మొక్కు తీరినంకనే పద్దు అనేది ఆయన నియమం.

కొత్తవాడలో జంపుకానలు నేసే మనిషికి రెండేళ్లకోసారి అంత బంగారం కొనడం తేలిక కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక జాతర ముగిసి ఇంటికి వచ్చిన వారం నుంచే, వారం కూలిలో కొంత తీసి అమ్మకు కూడా చెప్పకుండా నూలు కండెల డబ్బాలో వేసేవారట. వరంగల్ జంపుకానలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆయన ముఖంలో చూసిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. అయితే మా ఇంట్లో మగ్గం మీద వచ్చే కూలి ఆ గుర్తింపుతో ఏమీ పెరగలేదు. పిల్లలు పెరిగిన కొద్దీ మొక్కు భారమవుతున్నది గదా అని నేను ఒకసారి అంటే, "బరువు పెరుగుతుంటే సంతోషపడాలె గని, లెక్కలేందే?" అన్నారు.

2012 జాతరను నేను మరువలేను. తాడ్వాయి దాటిన తర్వాత బండ్లన్నీ ఆగిపోయి, ముందుకూ వెనుకకూ కదలని స్థితిలో, బాపు నా కూతురిని మెడ మీద ఎక్కించుకొని, తలమీది రుమాలు అంచును దాని చేతికి పట్టుకోవడానికిచ్చి, అడవి మధ్య రోడ్డు వెంట గంటల తరబడి నడిచారు. నేను రెండుసార్లు పాపను అడిగినా ఇవ్వలేదు. నడుస్తూనే దానికి సమ్మక్క కథ చెప్పారు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయలపైకి కాకతీయుల సేన వచ్చిందని, సమ్మక్క భర్త పగిడిద్దరాజు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ పోరులో ఒరిగిపోయారని, కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిస్తే అది జంపన్నవాగు అయిందని, చివరి వరకు పోరాడిన తల్లి చిలకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోతే పుట్ట దగ్గర కుంకుమభరిణె మాత్రమే దొరికిందని చెప్పారు. నాలుగేళ్లు నిండని పిల్లకు ఏమర్థమైందో తెలియదు. "అమ్మ మళ్లీ వస్తదా తాతా?" అని అడిగింది. "రెండేండ్లకోపారి వస్తది, మనం ఎదురు పోవాలె" అని జవాబు చెప్పారు. ఆయన కూడా చిన్నప్పుడు ఇదే దారిలో, పక్క ఊరి రైతు ఎడ్లబండిలో, వాళ్ల నాయిన ఒడిలో కూర్చొని ఈ కథ విన్నారట.

2022 డిసెంబరులో బాపు వెళ్లిపోయారు. ఏటి సూతకం తీరేవరకు మేము ఏ గుడి గడపా తొక్కలేదు. సంవత్సరీకం అయ్యాక మగ్గం గూడు సర్దుతుంటే పుస్తకం చేతికి వచ్చింది. వెనుక నుంచి తెరిచాను. 2022 పద్దు తర్వాత పేజీలో, వణుకుతున్న చేతిరాతతో "2024" అని ఉంది. కింద ఐదుగురు పిల్లల పేర్లు, ఎదురుగా ఖాళీ. ఐదో పేరు కింద 6 అని అంకె వేసి, పేరు లేకుండా ఒక గీత గీసి ఉంది. ఆయన మంచం పట్టిన నాటికి మా మరదలికి మూడో నెల. పుట్టబోయే బిడ్డకు కూడా ఆయన చోటు ఉంచారు.

అందుకే 2024 జాతరకు మేమంతా కలిసి బయలుదేరాము. ముందుగా వేములవాడ రాజన్నను దర్శించుకొని, కోడెమొక్కు చెల్లించి వచ్చాము. బాపు ఉన్నప్పుడూ ఆ వరుస ఎన్నడూ తప్పలేదు. ఫిబ్రవరి 22, గురువారం ఉదయం ములుగు దగ్గర గట్టమ్మతల్లి ముందు కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నానికి మేడారం చేరాము. జంపన్నవాగులో స్నానాలు చేసేటప్పుడు మా పెద్దమ్మాయి తన తమ్ముళ్లను, చెల్లెళ్లను చుట్టూ కూర్చోబెట్టుకొని సంపెంగ వాగు కథ మొదలుపెట్టింది. తాత ఆగిన చోటనే ఆగుతూ, తాత మాటలనే వాడుతూ చెబుతుంటే మా అమ్మ తడిబట్టలతోనే నిలబడి వింది.

ఆ సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తున్నదన్న సూచనగా తుపాకుల చప్పుడు వినిపించగానే జనమంతా ఒక్కసారిగా లేచారు. డోలు మోతలు, శివసత్తుల పూనకాలు, ఎదురుకోళ్లు, ఒడిబియ్యం పట్టుకున్న ఆడపడుచులు. ఆ తోపులాటలో మాకు కుంకుమభరిణె కనిపించలేదు, దానిని మోసుకొస్తున్న పూజారి చుట్టూ కట్టిన రక్షణ వలయం మాత్రం కనిపించింది. అంతే చాలనుకున్నాను. బాపు కూడా ఎన్నడూ ముందుకు తోసుకుపోయేవారు కాదు. దూరం నుంచి చేతులు జోడించి, కళ్లు మూసుకొని నిలబడేవారు.

శుక్రవారం అమ్మలను నిలిపిన గద్దెల దగ్గర మొక్కు చెల్లించాము. ఎవరి బంగారం వారే మోయాలని పిల్లలు పట్టుబట్టారు. అంత బరువు మోయలేని చిన్నవాళ్లకు తలా ఒక ముక్క ఇచ్చి, మిగిలినది మేము పట్టుకున్నాము. తొమ్మిది నెలల చిన్నదాని వంతు మా తమ్ముడు ఒక భుజాన పెట్టుకున్నాడు, మరో భుజాన అదే నిద్రపోతున్నది. గద్దెను తాకి వెనుదిరిగిన తర్వాత వాడు చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

తిరిగి వచ్చి చెట్ల కింద బాపు నేసిన జంపుకాన పరిచాము. నీలం, ఎరుపు పట్టీల ఆ జంపుకాన 2018 నుంచి ప్రతి జాతరకూ మాతో వస్తున్నది. దర్శనం కాగానే ఆయన దాని మీద కాళ్లు మడిచి కూర్చొని, పుస్తకం ఒళ్లో పెట్టుకొని పద్దు రాసేవారు. ఈసారి అమ్మ ఆ పుస్తకాన్ని సంచిలోంచి తీసి, ఎవరు రాస్తారని అడగకుండానే నేరుగా పెద్దమ్మాయి చేతికిచ్చింది. అది తన పేరు ఎదురుగా 49 అని వేసి, మిగిలినవారి బరువులు ఒక్కొక్కటే అడిగి నింపింది. ఆరో గీత దగ్గరకు వచ్చాక కలం ఆపి మా తమ్ముడి వైపు చూసింది. వాడు తల ఊపాడు. ఆ గీత మీద చిన్నదాని పేరు రాసి, ఎదురుగా "8 కిలోలు, చిటికెడు మొగ్గు" అని రాసింది.