మా ఇంటి ముందు రాళ్లు పరిపించాం - నా అనుభవం

మాది రాజమండ్రి. గేటుకీ వరండాకీ మధ్య 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా వదిలి ఇల్లు కట్టుకున్నాం, మొక్కలేసుకుందామని. మొక్కలైతే వేశాం, నూరువరహాలు, గంధరాజం, మూల మీద వేపచెట్టు ముందునుంచీ ఉన్నదే, కానీ మిగతా నేలంతా నల్లమట్టి, వాన పడిందంటే చెప్పులకి బురద ముద్దలు ముద్దలుగా అంటుకుని వరండా దాకా వచ్చేసేది, ఎండాకాలం అదే మట్టి బీటలిచ్చి దుమ్ము. కిందటేడు శ్రావణమాసంలో మా అత్తయ్య తులసికోట దగ్గరకి వెళ్తూ జారారు. దెబ్బ పెద్దగా తగల్లేదు గానీ ఆ రోజు నుంచి కర్ర లేకుండా మెట్లు దిగడం మానేశారు. ఇంక దీని సంగతి చూడాల్సిందే అనుకున్నాం.

మావారు మొత్తం సిమెంట్ చేయించేద్దాం అన్నారు. నాకు మనసొప్పలేదు. డాబా మీద పడ్డ వాన నీళ్లన్నీ గొట్టంలోంచి ఆ జాగాలోకే వచ్చి ఇంకుతాయి, సిమెంట్ వేస్తే అవన్నీ రోడ్డు మీదకి పోవాల్సిందే, పైగా వేపచెట్టు మొదలు చుట్టూ సిమెంట్ పోస్తే దానికి ఊపిరెక్కడిది? రాళ్లు పరిస్తే బురదా ఉండదు, నీళ్లూ దిగుతాయి అని చెప్పి ఒప్పించా.

మొదటి పొరపాటు మాట దగ్గరే జరిగింది. నెట్‌లో చూసిన రాళ్ల తోటలన్నీ గ్రావెల్ గార్డెన్ అనే ఉన్నాయి కదా, ట్రాక్టర్ అతనికి ఫోన్ చేసి "గ్రావెల్ కావాలి బాబూ, సగం ట్రక్కు చాలు" అన్నా. సాయంత్రం వచ్చి చూస్తే గేటు ముందు ఎర్రమట్టి గుట్ట. మన వైపు గ్రావెల్ అంటే పునాదుల్లోకీ రోడ్ల కిందకీ పోసే ఎర్ర గ్రావెలే, అతని తప్పేం లేదు. మీరెవరైనా చెప్పేటప్పుడు చిప్స్ (కొట్టిన కంకర ముక్కలు) అనండి, ఎన్ని ఎంఎం అన్నది కూడా చెప్పండి. ఆ ఎర్రమట్టి మాత్రం పనికొచ్చింది, నడిచే దారి వరకూ పోయించి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాం. మొక్కల వైపు వేయలేదు, దిమ్మిస కొట్టిన చోట నీళ్లు సరిగా ఇంకవు.

రాళ్లు చూడ్డానికి కడియపులంక వెళ్లాం, మొక్కలకి ఎప్పుడూ వెళ్లేదే. నర్సరీల్లో బస్తాలు వరసగా పెట్టి ఉన్నాయి, పాలలాంటి తెల్లవి, నూనె రాసినట్టు మెరిసే నల్లవి, నీలం, పచ్చ రంగులవి కూడా. నీలంది ఒకటి తీసుకుని తడి చేతిరుమాలుతో రుద్దితే రంగు గుడ్డకి అంటింది. ఇంక వాటి వైపు చూడలేదు. నల్లవి చాలా నచ్చాయి గానీ మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, కుళాయి చుట్టూ తెల్లగా పొరలు కడతాయి, రోజూ మొక్కలకి పోసే నీళ్లు ఆ నల్లరాళ్ల మీద పడి ఆరితే నెల తిరిగేసరికి బూడిద పూసినట్టు అవుతాయి. బోరు నీళ్లు వాడేవాళ్లు ఇది తప్పకుండా ఆలోచించుకోవాలి.

తెల్లవాటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనితో నాకు మొక్క పోయినంత పనైంది. తెల్లరాళ్లలో రెండు రకాలు, ఒకటి మార్బుల్ ముక్కలు, ఇంకోటి పలుగు రాళ్లు. చూపుకి రెండూ ఒకటే. అంతకు ముందు ఏడాది నేను తెలీక మార్బుల్ చిప్స్ తెచ్చి నూరువరహాల మొదట్లో పోశా, అందంగా ఉందని ఫోటోలు కూడా తీసుకున్నా, వానాకాలం గడిచేసరికి కొత్తాకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా. మార్బుల్ అంటే సున్నపురాయి జాతే కదా, కొద్దికొద్దిగా కరిగి మట్టిలో సున్నం పెరుగుతుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. నూరువరహాలకీ గంధరాజానికీ కాస్త పుల్లటి నేల కావాలి. నర్సరీలో పెద్దాయన ఆకు చూసి "ముందు ఆ రాళ్లు తీసేయమ్మా, మీ బోరు నీళ్లు దానికి తోడయ్యాయి" అన్నారు. తీసేసి పశువుల ఎరువు వేసి వాన నీళ్లు పట్టి పోస్తే కోలుకోడానికి చాలా నెలలు పట్టింది. అందుకే ఈసారి రెండు రకాలవీ ఒక్కో రాయి అడిగి తెచ్చుకుని, బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క వేసి చూశాం (ఆరుబయట, గ్లౌజులు వేసుకునే చేయండి). మార్బుల్ మీద బుసబుసమని పొంగింది, పలుగు మీద ఏమీ లేదు.

గుండ్రటి గులకరాళ్లు కూడా చూడ్డానికి ఎంత బావుంటాయో. కానీ ఇంట్లో నడిచేది ఎవరు? రెండు రకాలూ చెరో తట్ట తెచ్చి వరండా కింద పోసి అత్తయ్యని నడిచి చూడమన్నాం. గులకరాళ్ల మీద ఆవిడ కర్ర పక్కకి జారిపోతోంది. క్రషర్‌లో (రాళ్లు పగలగొట్టే మిషన్‌లో) కొట్టిన చిప్స్ మూలలు మూలలుగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. "దీని మీద కర్ర ఆనుతోందమ్మా" అన్నారు ఆవిడ. దాంతో అయిపోయింది, స్లాబ్‌లో వేసేదానికన్నా ఒక సైజు తక్కువ, 12 ఎంఎం బూడిదరంగు చిప్స్ ఖాయం చేశాం. 6 ఎంఎం బేబీ చిప్స్ చెప్పుల గాళ్లలో ఇరుక్కుని ఇంట్లోకి వచ్చేస్తాయి, పైగా పిల్లులకి వాటిని తవ్వి మురికి చేయడమంటే మహా ఇష్టం. పలుగు రాళ్లు గంధరాజం చుట్టూ చిన్న పట్టీలాగా, గులకరాళ్లు డాబా నీళ్ల గొట్టం కింద ధార పడే చోట, అంతే.

లెక్క కూడా చెప్తా. మొక్కలూ, తులసికోట దగ్గర వేసిన బండలూ పోగా 120 చదరపు అడుగులు మిగిలింది, మేస్త్రి అంగుళం మందం చాలన్నాడు గానీ ఒక వరస పోసి చూస్తే మట్టి కనపడుతోంది, రెండు అంగుళాలు వేయించాం. అంటే 20 ఘనపుటడుగులు, అడుగుకి దాదాపు 45 కిలోలు చొప్పున సుమారు 900 కిలోలు.

అసలు కష్టం రాళ్ల కింద ఉంది. మా నేల నిండా తుంగ. గరికైతే రాళ్ల కింద పరిచే షీట్‌కి చాలావరకు ఊరుకుంటుంది, తుంగ మొలక సూదిలాగా షీట్‌ని పొడుచుకుని పైకొస్తుంది. అందుకని జానెడు లోతు తవ్వించి నేనూ పనమ్మాయీ కూర్చుని తుంగ గడ్డలు ఏరాం, నల్లగా చిన్న చిన్న గడ్డలు, ఒకటి విరిగినా మళ్లీ మొలుస్తుంది. ఏరేశాక వెంటనే షీట్ వేయకుండా రెండు వారాలు నీళ్లు పోసి ఆగాం. మిగిలినవన్నీ మొలిచాయి, మళ్లీ తవ్వి తీశాం. ఇంత చేసినా ఇప్పటికీ వారానికి నాలుగైదు మొలకలు వస్తూనే ఉన్నాయి, కానీ అవి చేత్తో పీకేంతే. షీట్ కూడా మేస్త్రి మామూలు నల్ల ప్లాస్టిక్ వేద్దామన్నాడు, నేను వద్దన్నా, నీళ్లు దిగవు, రాళ్ల మధ్య నిలబడిపోతాయి. నీళ్లు దిగే గుడ్డలాంటి షీట్ తెచ్చాం. అసలేదీ వేయకపోతే మాత్రం నల్లమట్టిలోకి రెండు వానలకే రాళ్లు దిగబడిపోతాయి.

చిప్స్‌ని కడిగించడం మర్చిపోకండి. క్రషర్ బూడిద అలాగే ఉంటే వానకి కిందకి దిగి షీట్ మీద పేరుకుపోతుంది. అంచుకి ఇటుకలు నిలబెట్టి పాతించాం, రాళ్లకన్నా అంగుళం ఎత్తుగా.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆ రాళ్ల మీద కాలు పెట్టలేం, అంత వేడి. అందుకే ప్రతి మొక్క మొదట్లోనూ జానెడు వదిలి ఎండుటాకులు కప్పాం. పలుగురాళ్ల వెలుగుకి గంధరాజం కింది ఆకులు రెండు మూడు మాడాయి, ఇంకాస్త వెనక్కి జరిపాను. మాఘం, ఫాల్గుణం వచ్చిందంటే వేపాకు రాలుడు, రాళ్లలో ఆకు ఇరుక్కుంటే చీపురుకి రాదు, వదిలేస్తే కుళ్లి మట్టై అందులోనే గడ్డి మొలుస్తుంది. పాత దోమతెర చెట్టు కింద పరిచి రోజూ సాయంత్రం దులుపుతున్నాం. చెట్టు కింద రాళ్లు వేద్దామనుకునేవాళ్లు ఈ పని ఉంటుందని తెలుసుకుని వేయండి.

ఒకటి మాత్రం అత్తయ్య చెప్పకపోతే నాకు తట్టేది కాదు. రాళ్లు అంతటా పరిచేస్తే ముగ్గెక్కడ వేస్తాం అన్నారు. తులసికోట చుట్టూ, మెట్ల నుంచి కోట దాకా కడప బండలు వేయించాం, నున్నటి వైపు కాకుండా గరుకు వైపు పైకి పెట్టి, తడిలో జారకుండా. ధనుర్మాసం నెలంతా ఆవిడ పొద్దున్నే పీట వేయించుకుని కూర్చుని ఆ నల్ల బండల మీద ముగ్గు వేశారు. తెల్లటి పిండి, నల్ల బండ, వీధిలోంచి వెళ్లేవాళ్లు గేటు దగ్గర ఆగి చూసి వెళ్లేవారు.