సగం ఫలం

కర్నూలు నుంచి శ్రీశైలానికి కాలినడకన బయలుదేరిన మా బృందంలో గురుస్వామిగా ఉన్న పెద్దాయన తొలి మజిలీలోనే మాకు ఒక శ్లోకం వినిపించారు. తీర్థయాత్రకు విధించిన నియమాలను చర్చించే ధర్మశాస్త్ర గ్రంథాలు ఉదహరించే శ్లోకం అది.

యానమర్ధఫలం హంతి తదర్ధం ఛత్రపాదుకే ।
వాణిజ్యం త్రీంస్తథా భాగాన్ సర్వం హంతి ప్రతిగ్రహః ॥

వాహనమెక్కితే యాత్రాఫలంలో సగం పోతుంది. గొడుగు, పాదరక్షలు అందులో సగాన్ని, అంటే పావు వంతును తీసుకుపోతాయి. దారిలో వ్యాపారం చేసుకుంటే నాలుగింట మూడు వంతులు పోతాయి. ఒకరి దగ్గర చేయిచాపి పుచ్చుకుంటే ఏమీ మిగలదు. ఆయన చదవడం పూర్తికాకముందే అందరం మా కాళ్ళవంక చూసుకున్నాం. ఒకరిద్దరికి తప్ప అందరికీ చెప్పులున్నాయి. "అయితే పావలా ఇక్కడే పోయింది స్వామీ" అని ఎవరో అంటే నవ్వుకున్నాం. శ్లోకంలోని నాలుగో పాదం గురించి ఆ పూట ఎవరూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు దాకా మాది రోడ్డు నడక. ఎండ, లారీలు, తారు వేడి తప్ప ఆ దారిలో చెప్పుకోదగిన కష్టం లేదు. అసలు నడక వెంకటాపురం దాటి నల్లమలలో అడుగుపెట్టాక మొదలవుతుంది. నాగలూటి వీరభద్రస్వామిని దర్శించుకుని, పెచ్చెరువులో రాత్రి తలదాచుకుని, మరునాడు రాళ్ళదారిలో భీముని కొలను లోయలోకి దిగి, మళ్ళీ ఆ లోయలోనుంచి కైలాసద్వారం దాకా నిలువుగా ఎక్కాలి. శివరాత్రికి మనవాళ్ళూ, ఉగాదికి కన్నడ భక్తులూ వేల సంఖ్యలో నడిచే దారి ఇదే. ముందే నలిగిన మోకాళ్ళను ఆ దిగుడు పరీక్షిస్తుంది, ఆ ఎక్కుడు గుండెను పరీక్షిస్తుంది.

నా కుడి మోకాలు ఆత్మకూరుకు ముందే వాచింది. వెంకటాపురం చేరేసరికి మడత పడటం మానేసింది. అక్కడి నుంచి ముందుకు వెళ్తే వెనక్కి తేవడానికి మనుషుల భుజాలే దిక్కు. "నువ్వు ఆత్మకూరుకు పోయి కారు మాట్లాడుకుని దోర్నాల మీదుగా కొండకు చేరుకో స్వామీ, రేపు కైలాసద్వారం దగ్గర కలుద్దాం" అన్నారు గురుస్వామి. మరి శ్లోకం మాటేమిటని అడిగాను. "సంకల్పంలో ఏమన్నావు? యథాశక్తి అన్నావు కదా" అన్నారాయన.

యథాశక్తి అనే మాటను మనం మినహాయింపు లాగా వాడుకుంటాం. పూజలో పువ్వు తక్కువైనా, మంత్రం తప్పినా ఆ మాట అడ్డం పెట్టుకుంటాం. నిజానికి అది కొలత. శక్తి లేనివాడిని విడిచిపెట్టే ఆ మాటే శక్తి ఉన్నవాడిని కట్టిపడేస్తుంది, ఎందుకంటే ఉన్నంత మేరకు చేస్తానని చెప్పినవాడు ఉన్నదాంట్లో కొంత దాచుకుంటే సంకల్పం తప్పినట్టే. నా మోకాలిలో శక్తి ఎంత మిగిలిందో గురుస్వామికి తెలియదు, వైద్యుడికీ పూర్తిగా తెలియదు. నాకు తెలుసు, మల్లన్నకు తెలుసు. దాన్ని నేను నిజాయితీగానే కొలుచుకున్నానని ఈనాటికీ అనుకుంటున్నాను.

శాస్త్రం కూడా వాహనం పేరెత్తగానే కన్నెర్ర చేయదు. ప్రయాగకు వాహనంలో వెళ్ళేవాడి గురించి మత్స్యపురాణం "నిష్ఫలం తస్య తత్తీర్థం" అని కఠినంగానే అంటుంది గాని, ఆ మాటకు ముందు ఎందుకు ఎక్కాడో కూడా చెబుతుంది: ఐశ్వర్యం వల్ల, లోభం వల్ల, మోహం వల్ల. ఆ జాబితాలో వాచిన మోకాలు లేదు. నర్మదా పరిక్రమ చేసేవారు నదిని దాటకూడదన్న నియమాన్ని ప్రాణంగా పాటిస్తూ వందల కోసులు నడిచి, చివరకు నది సముద్రంలో కలిసే చోట పడవెక్కి ఆవలి తీరం చేరతారు. నడవడానికి నేల లేని చోట పడవ ఎక్కినందుకు పరిక్రమ చెడిందని ఎవరూ అనరు. మన శ్రీశైలానికే వస్తే, 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించాడు. అంతకు ముందు బండలు పట్టుకుని పాకినవారిని అడిగితే, మెట్ల మీద ఎక్కినవాడి యాత్ర కూడా ఎంతో కొంత తరుగే అనేవారేమో! కష్టాన్ని తగ్గించే పని రెడ్డిరాజులు చేస్తే ధర్మకార్యమై, అద్దె కారు చేస్తే పాపమవుతుందా అన్న ప్రశ్న దోర్నాల దారి పొడవునా నాకు తోడుగా వచ్చింది.

కారులో కూర్చున్నాక నాకు బాగా తెలిసొచ్చిన మాట ఇంకొకటి ఉంది. మూడు రోజులుగా గొంతు పోయేలా "చేదుకో మల్లన్నా" అని అరుస్తూ నడిచాను. చేదడమంటే బావిలోనుంచి నీళ్ళు తోడడం. చేంతాడు కొసన కట్టిన చేద తనంతట తాను పైకి రాదు, గట్టు మీద ఉన్నవాడు లాగితేనే వస్తుంది. నడిచేవాడి నోట ఈ మాట పెట్టిన పూర్వులు ఎంత తెలివైనవారో! అడుగులు నీవే వెయ్యి, కానీ ఎక్కుతున్నది నీవని మాత్రం అనుకోకు అని ఆ ఒక్క క్రియాపదంలో ఇమిడ్చారు. అటువంటప్పుడు మల్లన్న నన్ను మెట్ల మీదుగా చేదుకున్నా, ఘాట్ రోడ్డు మలుపుల మీదుగా చేదుకున్నా తాడు ఆయన చేతిలోదే కదా అని మనసు కుదుటపడింది. ఇంత చక్కటి సమాధానం దొరికినప్పుడే కాస్త అనుమానపడాలని నాకప్పుడు తోచలేదు.

శిఖరేశ్వరం దగ్గర కారు ఆగింది. "నంది కొమ్ముల నడుమ నుంచి చూడండి స్వామీ, గుడి శిఖరం కనపడుతుంది" అని డ్రైవరే చెప్పాడు. శ్రీశైల శిఖరం దృష్ట్వా పునర్జన్మ న విద్యతే అంటారు. దృష్ట్వా, అంటే చూసినంత మాత్రాన. నడిచి చూడాలని లేదు. పైగా అడవిదారిన వచ్చేవారు హాటకేశ్వరం దగ్గర పైకి తేలతారు కనుక, శిఖరం చూడాలంటే వారే కొంత దూరం వెనక్కి రావాలి. నాకు అది కారు తలుపు దగ్గరే దొరికింది. అంతవరకూ నా లెక్క బాగానే ఉంది: సగం పోయింది, పాదరక్షలకు పావు పోయింది, ఎలాగైనా పావు మిగిలింది, అది చాలు.

మరునాడు మధ్యాహ్నం హాటకేశ్వరం దాకా ఆటోలో వెళ్ళి, అక్కడి నుంచి కర్ర ఊతంతో కైలాసద్వారం చేరుకుని మావాళ్ళ కోసం మెట్ల పక్కన బండ మీద కూర్చున్నాను. కింద లోయలోనుంచి మనుషులు పైకి వస్తున్నారు. ముందు కర్ర చప్పుడు, తరువాత ఆయాసం, ఆ తరువాత తల కనపడుతుంది. చివరి మెట్టు మీదకు రాగానే కొందరు శివనామం పలుకుతారు, కొందరు ఏమీ పలకలేక కూలబడతారు. ఒకాయన అరికాలికి చుట్టుకున్న గుడ్డ ఎర్రమన్నుతో గట్టిపడి, విప్పబోతే చర్మంతో పాటు లేచింది. నేను కూడా అదే కాషాయం కట్టుకుని, మోకాలికి పట్టీతో, చేత కర్రతో వారి మధ్య కూర్చున్నాను. చూసేవారికి తేడా ఏముంటుంది?

బస్సులో కొండకు వచ్చి, నడిచినవారిని చూడటానికి కైలాసద్వారం దాకా వచ్చిన ఒక ముసలమ్మ, చీరకొంగులో బత్తాయిలు మూటగట్టుకుని, ఒక్కొక్కరి కాళ్ళు తాకి కళ్ళకద్దుకుంటూ ఒక్కొక్క కాయ చేతిలో పెడుతోంది. నా దగ్గరకు వచ్చి వంగింది. "నాకు కాళ్ళు లేవు నాయనా, నడిచొచ్చినోళ్ళ కాళ్ళు మొక్కితే ఆ పుణ్యంలో నాకూ రవ్వంత వస్తాది" అంది. నేను కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. అమ్మా, నేను కారులో వచ్చానని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆమె లేచి, కాయ చేతిలో పెట్టి, తరువాతి మనిషి దగ్గరకు వెళ్ళేవరకు ఆ నాలుగు మాటలు నా నోట రాలేదు. కాయ వెచ్చగా ఉంది, ఆమె కొంగులో ఎంతసేపటి నుంచి ఉందో మరి.

సర్వం హంతి ప్రతిగ్రహః. తొలి మజిలీలో మేము నవ్వి వదిలేసిన పాదం అప్పుడు గుర్తుకు వచ్చింది. ప్రతిగ్రహం అంటే గోదానాలు, భూదానాలు పుచ్చుకోవడం, అది మన జోలికి రాదులే అనుకునేవాణ్ణి. మనది కాని గౌరవాన్ని చేయిచాపి తీసుకోవడం కూడా పుచ్చుకోవడమే కదా. శ్లోకం రాసినవాడు వాహనాన్ని సగం దగ్గర ఆపి, పుచ్చుకోవడాన్ని చివరన ఎందుకు పెట్టాడో ఆ బండ మీద నాకు అర్థమైనంతగా మరెక్కడా అర్థమయ్యేది కాదు. కారు నా దగ్గర తీసుకున్నది నా నడకలోని సగాన్నే. ఆ కాయ మాత్రం నా మోకాలి నొప్పిని, యథాశక్తిని, చేదుకో అన్న మాటను, అన్నింటినీ ఒక ముసలి తల్లి ముందు నాటకంగా మార్చింది. ఇది వ్రతం చేసే ప్రతివాడికీ కాచుకుని ఉండే గుంటే. కాకపోతే మెట్లెక్కినవాడికి అక్కడ కొంత రక్షణ ఉంటుంది, ఎందుకంటే ఒళ్ళు హూనమైనవాడికి గౌరవం మీద ధ్యాస అంతగా ఉండదు. కారులో వచ్చినవాడికి ఆ రక్షణ లేదు, వాడికి తీరిక చాలా ఉంటుంది.

లేచి ఆమెను వెతికాను. జనంలో ఎటు వెళ్ళిందో కనపడలేదు. మనసులోనే శివుణ్ణి ఆరాధించే శివమానస పూజ చివర వచ్చే "కరచరణకృతం వాక్కాయజం కర్మజం వా" అన్న క్షమాపణ శ్లోకాన్ని ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాను. చేతులూ కాళ్ళూ చేసిన తప్పులు మన్నించమని అడిగే ఆ మాటలో, కాళ్ళు నడవకుండానే చేసిన తప్పు కూడా కలుస్తుందని ఆ రోజు కూర్చుని చదువుకున్నాను.

సాయంత్రం అయిదు దాటాక మావాళ్ళు ఒక్కొక్కరే పైకి వచ్చారు. గురుస్వామి చివరన వచ్చారు. ఆయన పెదవులు ఎండి తెల్లబడ్డాయి. నీళ్ళిచ్చి, ఊపిరి కుదుటపడ్డాక, జరిగింది దాచకుండా చెప్పి బత్తాయి చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మొత్తం పోతుందన్నాడు కదా శాస్త్రకారుడు" అన్నాను.

"పోనీ. ముందు వలువు, దాహంగా ఉంది" అన్నారు.

ఆ కాయలో తొమ్మిది తొనలు ఉన్నాయి. మేము పన్నెండు మందిమి. చిన్నవాళ్ళకు ముందు ఇచ్చి, పెద్దవాళ్ళకు సగం సగం చేసి పంచాం. నా వంతుకు తొక్క మిగిలింది. దాన్ని కొండ మీద పారేయడం ఇష్టంలేక జోలెలో వేసుకుని, ఒక చేత కర్ర, మరొక చేత గురుస్వామి భుజం పట్టుకుని, హాటకేశ్వరం వైపు నడిచాను.